ఎడమకాలికి కట్టిన తువ్వాలు

పోయిన వారం దావీదురాజును మనం అంత మంచి స్థితిలో ఏమీ వదల్లేదు. కూతురు జెస్సీ కొనిచ్చిన కొత్త కారులో, వీధి వీధంతా చూస్తుండగా, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరివాళ్ల జీపులూ అద్దె కార్లూ తోలిన మనిషి, సొంత బండి ఎక్కడం మాత్రం అదే మొదలు. పక్క సీట్లో తోటి డ్రైవరు వీరభద్ర, చేతిలో టీ గ్లాసు. వెనక సీట్లో మెకానిక్కు చిన్న ఈరన్న, ఒళ్లో మైసూరుపాకు పెట్టె. బండి కదిలింది. మలుపు దగ్గర దావీదురాజు అలవాటు కొద్దీ ఎడమకాలు ఎత్తి క్లచ్చి తొక్కాడు. ఆ కారుకు క్లచ్చి లేదు. గేర్లు వాటంతట అవే మారే బండి అది. క్లచ్చి ఉండాల్సిన చోట వెడల్పాటి బ్రేకు ఉంది. కాలు దాన్ని తొక్కింది, అదీ జీపు క్లచ్చిని తొక్కినంత బలంగా. టీ అద్దానికి పోయింది. మైసూరుపాకు డ్యాష్‌బోర్డు మీద పరుచుకుంది. ఈరన్న రెండు సీట్ల మధ్య ఇరుక్కున్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దలు నవ్వు ఆపుకున్నారు. దావీదురాజుకు రెండోదే ఎక్కువ మండింది.

అది గురువారం సంగతి. ఇవాళ శనివారం. రెండు రోజులుగా కారు దుప్పటి కప్పుకుని ఇంటి ముందు నిలబడే ఉంది. కాల్చిన ఇటుక రంగు కారు. ఆలూరు దుమ్ములో ఆ రంగు ఎంత తెలివైనదో కారు ప్రేమికులకు వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో అలాంటి ప్రేమికులు పదకొండు మంది ఉన్నారు. ‘ఆలూరు చక్రాలు’ అని ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నారు. పొద్దున లేస్తే దేవుడి పటానిదో, కారుదో ఎవరో ఒకరు ఫొటో పెడతారు. బానెట్టు మీద జొన్నరొట్టె పళ్లెం పెట్టి తీసిన ఫొటోలు, కడిగిన టైర్ల ఫొటోలు, పాత కారు హారన్ మళ్లీ మోగిందన్న శుభవార్తలు. అందరూ దావీదురాజు కారు ఫొటో కోసం ఎదురుచూస్తున్నారు. యాత్రికులను దింపడానికి మంత్రాలయం పోయిన వీరభద్ర అక్కడినుంచే అడిగాడు, “ఏమప్పా, కారు ఇంగా నిద్ర లేయలేదా?” అని. దావీదురాజు ఫోను బోర్లా పెట్టేశాడు.

అతని బాధ నవ్వుల గురించి కాదు. రేపటి గురించి. వాళ్ల రాతి చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా, సైకిలైనా, కుట్టు మిషనైనా, బోరు మోటారైనా, దాన్ని సొంతదారుడు తన చేతులతో చర్చి మెట్ల దాకా తేవాలి. అయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారు. ఆ తర్వాత దాని మొదటి పని దేవుడి కోసం జరగాలి. కుట్టు మిషనైతే మొదట బలిపీఠం గుడ్డ కుడుతుంది. మోటారైతే మొదటి నీళ్లు సంఘమంతా తాగుతుంది. పోయిన ఆదివారమే యేసుప్రసాద్ అయ్యగారు ప్రకటన కూడా చేసేశారు. రేపు దావీదురాజు సంఘమంతటి ముందు కారు తోలుకుని రావాలి.

‘దావీదు తోలితే తల్లి ఒళ్లో బిడ్డ నిద్ర లేవదు’ అని ఆ చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఒక మాట. కాన్పుకు తీసుకుపోవాలంటే అర్ధరాత్రయినా అతన్నే పిలిచేవాళ్లు. ఆ ఒక్క మాటే అతని ఆస్తి. రేపు మెట్ల ముందు కారు మేకపిల్లలా ఎగిరితే ఆ ఆస్తి కాస్తా పోతుంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చి బళ్ళారి రోడ్డులోని ఈరన్న షెడ్డుకు పోయాడు.

చిన్న ఈరన్న ఒక లారీ కింద నుంచి కాళ్లు మాత్రం బయటపెట్టి ఉన్నాడు. దావీదురాజు ఆ కాళ్లతోనే మాట్లాడాడు.

“ఈరన్నా, ఈ బండి వద్దప్పా. వాపసు ఇచ్చి గేర్లుండేది తెచ్చుకుందాం. జెస్సీతో నువ్వే మాట్లాడు. నీ మాటైతే ఇంటాది.”

“యాల?”

“గేర్లు లేని బండీ ఒక బండేనా? ఉప్పు లేని సంగటి మాదిరి. చేతికి పని లేదు, కాలికి పని లేదు. ఆడుకునే పిల్లోళ్ల బండి అది.”

కాళ్లు లోపలికి పోయి తల బయటికొచ్చింది. ఈరన్న లేచి, చేతుల గ్రీజు పాత గుడ్డకు తుడుచుకుని, దావీదురాజును పైనుంచి కిందికి చూశాడు. ఎడమ మోకాలి దగ్గర చూపు ఆగింది.

“గేర్ల బండి తెస్తే తోల్తావా?”

“తోలకేం? పుట్టినప్పటి నుంచి తోల్తానే ఉండా.”

“ఆదోనికి తోల్తావా? బజారులో నుంచి?”

దావీదురాజు ఎడమకాలు వెనక్కి జరుపుకున్నాడు.

“మూడేండ్ల నుంచి సూస్తాండా. నువ్వు ఆదోనికి పోతే బజారులో నుంచి పోవు, ఊరి సుట్టూ తిరిగి పోతావు. రైలు గేటు పడిందంటే ఇంజను ఆపేస్తావు. యాలప్పా అంటే డీజిలు మిగుల్తాది అంటావు. డీజిలు శివన్నది, బాధ నీదా?”

శివన్న విత్తనాల అంగడి యజమాని. అతని జీపును దావీదురాజు పద్నాలుగేళ్లు తోలి, ఈ ఉగాదికే మానేశాడు. వయసైందని అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారనే అనుకున్నాడు.

ఈరన్న బల్ల కిందికి వంగి, గోనెసంచి జరిపి, పళ్లెమంత ఇనుప చక్రాలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ మాడి నల్లబడి ఉన్నాయి.

“ఇవేంది?”

“నీ మోకాలు,” అన్నాడు ఈరన్న.

అవి శివన్న జీపు క్లచ్చి ప్లేట్లు. దావీదురాజు చెయ్యి పడిన బండికి క్లచ్చి ప్లేటు నాలుగేళ్లకు తక్కువ ఎప్పుడూ పోలేదు. ఇది ఈరన్నకు లెక్కలా తెలుసు. అలాంటిది పోయిన ఏడాది ఒక్క జీపుకే రెండు సార్లు మార్చాల్సి వచ్చింది. కాలు పూర్తిగా తొక్కలేనివాడు సగం తొక్కుతాడు. సగం తొక్కిన క్లచ్చి రాసుకుని రాసుకుని మాడుతుంది. మొదటి ప్లేటు విప్పినప్పుడు ఈరన్నకు అనుమానం వచ్చింది. రెండోది విప్పినప్పుడు అనుమానం పోయింది.

“శివన్న అడిగినాడు, ప్లేటు ఇంత తొందరగా యాల పోయిందని. కంపెనీ మాలు బాగలేదని సెప్పినా. నా నోటితో అబద్ధం సెప్పిచ్చినావు నువ్వు. పాడైన సామాను ఎవురూ సూడగూడదని ఈడ్నే దాచిపెట్టినా.”

దావీదురాజు ముఖం ఎర్రబడింది. మూడేళ్లుగా పెళ్లానికి కూడా చెప్పకుండా, రాత్రుళ్లు వేడి ఇసుక మూట పెట్టుకుంటూ దాచుకున్న నొప్పి. అది ఈ గ్రీజు చేతులవాడి బల్ల మీద రెండు ముక్కలుగా పడి ఉంది. సిగ్గేసింది. ఆ వెంటే కోపమొచ్చింది.

“జెస్సీకి సెప్పినావా?”

“సెప్పినా. సెప్పకేం సేస్తా? పోయిన్నెల ఆ పిల్ల వచ్చి, మామా, మా నాయినకు ఏ కారైతే బాగుంటాది అని అడిగె. ఇరవై ఏండ్లుగా నాతో దుడ్ల కాడ బేరమాడినోళ్లున్నారు గానీ, మా నాయినకు ఏది బాగుంటాది అని అడిగిన బిడ్డను నేను సూడలేదప్పా. ఎడమకాలికి పని లేని బండి కొనమ్మా అన్నా. తప్పైతే కొట్టు.”

దావీదురాజు కొట్టలేదు. లారీ టైరు మీద కూర్చున్నాడు. చాలాసేపు మాడిన ప్లేటును చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. తను దాచిన నొప్పిని ఇంకొకడు తనకంటే జాగ్రత్తగా దాచాడని తెలిస్తే మనిషి ఎంతసేపని కోపంగా ఉంటాడు? కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రీజు వాసనకనుకుంటాడులే అని తుడుచుకున్నాడు. ఈరన్న కూడా అలాగే అనుకున్నట్టు ముఖం పెట్టాడు.

అక్కడినుంచే జెస్సీకి ఫోను చేశాడు. జెస్సీ నందికొట్కూరులో సర్కారు బడి టీచరు. పరీక్షల పనిలో ఉండి రేపటి ప్రార్థనకు రాలేకపోతోంది.

“నాయినా, తెలిసిందా?” అంది ముందే.

“తెలిసింది లేమ్మా.”

“కోపమొచ్చిందా?”

“వచ్చి పోయింది.”

“గేర్లు లేని బండి కొన్నదానికి రెండు కారణాలుండాయి నాయినా. ఒకటి ఈరన్న మామ సెప్పింటాడు. రెండోది అమ్మనడుగు.”

అడుగుదామనే అనుకున్నాడు దావీదురాజు. కానీ అప్పటికే ఈరన్న తాళంచెవి కోసం చెయ్యి చాపి ఉన్నాడు. కారు పిచ్చి ఉన్నవాడికి ఎదురుగా తాళంచెవి ఆడితే పెళ్లాం పిల్లలు గుర్తుండరు. ఇది లోకమెరిగిన సంగతే.

సాయంత్రం ఇద్దరూ కారును ఊరి బయట ఖాళీగా ఉన్న వేరుశనగ కల్లానికి తీసుకుపోయారు. అంత దూరమూ ఈరన్నే తోలాడు. అక్కడ దావీదురాజు కూర్చున్నాడు. ఎడమకాలు కదపనని ఒట్టు పెట్టుకున్నాడు. కారు నాలుగు బారలు పోయింది. కాలు లేచింది. బ్రేకు పడింది. ఈరన్న తల అద్దానికి తగిలింది. ఎడమకాలును సీటు కిందికి మడుచుకున్నాడు. అది దానంతట అదే బయటికొచ్చి తొక్కింది. ఐదోసారి ఈరన్న దిగి, భుజం మీది తువ్వాలు తీశాడు.

“ఏం సేస్తాండావు?”

“తన్నే ఎనుముకు ఏం సేస్తారు? కాళ్లు కట్టి పాలు పిండుతారు.”

ఎడమ చీలమండకు తువ్వాలు చుట్టి, సీటు కింది ఇనుప కడ్డీకి బిగించి ముడేశాడు. ఇక కాలు ఎగిరింది కానీ ఎక్కడికీ పోలేకపోయింది. కారు మాత్రం పోయింది. మెత్తగా, చెప్పుల చప్పుడు కూడా లేని మనిషి నడిచినట్టు, కల్లం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు దావీదురాజు పెదవుల మీదికి నవ్వొచ్చింది. మూడో చుట్టులో అతనికి ఒక విషయం తట్టింది. మోకాలు నొప్పి లేదు. మూడేళ్లలో మొదటిసారి నొప్పి లేకుండా బండి తోలుతున్నాడు. అద్దం దించాడు. దూరంగా పత్తి చేల మీదినుంచి గాలి వస్తోంది. పొద్దు వాలి కారు ముక్కు మీద ఇటుక రంగు నిగనిగలాడుతోంది. ముప్పై ఒక్క ఏళ్లు తోలిన బండ్లన్నీ ఎవరివో. ఇది తనది. గొంతు విప్పి పాడాలనిపించింది. ఈరన్న పక్కనున్నాడని ఊరుకున్నాడు.

“ఫొటో తియ్యప్పా,” అన్నాడు. “కాలు పడకుండా తియ్యి.”

‘ఆలూరు చక్రాలు’లో ఆ ఫొటోకు నిమిషంలో పది చప్పట్లు పడ్డాయి.

ఆదివారం తెల్లవారింది. దావీదురాజు పెళ్లాం ప్రేమమ్మ పెందలాడే తలంటుకుని, తెల్ల చీర కట్టుకుని, చీర చెంగులో బైబిలు చుట్టుకుని, ఆడవాళ్లతో కలిసి నడిచే పోయింది. అంగన్‌వాడీ టీచరామె. రోజూ గేర్లు లేని స్కూటీ మీద పని చేసే పల్లెకు పోయి వస్తుంది. పోయే ముందు కారు దగ్గర ఆగి, లోపలికి తొంగి, కింద ఉన్న రెండు పెడళ్లను తదేకంగా చూసింది. దావీదురాజు ఆమె మైసూరుపాకు ముక్కలు వెతుకుతోందనుకున్నాడు.

ఈరన్న వచ్చి తువ్వాలు కట్టాడు. ఈరన్న హిందువు. జేబులో నాలుగు నిమ్మకాయలు తెచ్చుకున్నాడు. చర్చి మెట్ల ముందు టైర్ల కింద పెడితే బాగుండదని జేబులోనే ఉంచాడు. ఉండటానికైతే ఉండాలి కదా అని అతని నమ్మకం. కాలు జారకూడదని ఇవాళ ముడి రెండు వేశాడు.

చర్చి ఆవరణకు రాతి గేటు. ఎద్దుల బండి కాలంలో ఎద్దుల బండి కొలతకు కట్టింది. దావీదురాజు కారును ఆ గేటులోనుంచి, అటు నాలుగు వేళ్లు ఇటు నాలుగు వేళ్లు వదిలి, లోపలికి తెచ్చాడు. మెట్ల ముందు సరిగ్గా జానెడు దూరంలో ఆపాడు. ఆగినట్టే తెలియలేదు. తల్లి ఒళ్లో ఉన్న బిడ్డ ఎవరైనా ఉంటే నిద్ర లేచేది కాదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. దావీదురాజు ప్రాణం లేచొచ్చింది.

“దిగండి దావీదన్నా,” అన్నారు యేసుప్రసాద్ అయ్యగారు నవ్వుతూ. “దిగి వస్తే ప్రార్థన చేసుకుందాం.”

అప్పుడు గుర్తొచ్చింది, కాలు కట్టి ఉందని.

తోలే సంగతి ఆలోచించారు గానీ దిగే సంగతి ఇద్దరూ ఆలోచించలేదు. దావీదురాజు వంగి ముడి అందుకోబోయాడు. నుదురు స్టీరింగుకు తగిలి హారన్ మోగింది. ఉలిక్కిపడి లేచాడు. మళ్లీ వంగాడు. మళ్లీ మోగింది.

“దావీదన్నకు శానా సంతోషంగా ఉండాది,” అన్నారెవరో.

అయ్యగారు ఓపిగ్గా నిలబడ్డారు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోసారి హారన్ కాస్త ఎక్కువసేపే మోగింది. చివరికి గేటు దగ్గర నిలబడిన ఈరన్న పరుగున వచ్చి, తలుపు తీసి, నేల మీద మోకాళ్లూని, రెండు ముళ్లూ పళ్లతో లాగి విప్పాడు. జేబులోని నిమ్మకాయలు మెట్ల మీద దొర్లాయి. తువ్వాలు చేతిలో పట్టుకుని లేచాడు. చూడనివాళ్లు లేరు.

“కాలు కట్టేసినారు యాలప్పా?” అంది ముందు వరసలో ఒక ముసలామె.

దావీదురాజు దిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నడుముకు పట్టీ అనొచ్చు. కానీ ఎదురుగా చర్చి మెట్లు ఉన్నాయి. పక్కన తన కోసం మోకాళ్ల మీద కూర్చున్న స్నేహితుడున్నాడు. అబద్ధానికి నోరు రాలేదు.

“అయ్యగారూ, ప్రార్థనకు ముందు సాక్ష్యం సెప్పాల,” అన్నాడు. “మూడేండ్లుగా నా ఎడమ మోకాలు పని సేయదు. నేను ఎవురికీ సెప్పలేదు. డ్రైవరు కాలు పోయిందంటే ఇంగ నేను ఎవురని బయపడినా. నేను దాస్తాండానని అనుకున్నా గానీ, ఈ ఈరన్న నన్ను దాసినాడు. నా బిడ్డ నా కాలు సూసి బండి కొనె. కాలికి అలవాటు పోలేదని కట్టేసుకుని వచ్చినా. ఇదే నా సాక్ష్యం.”

ముందు వరసలోని ముసలామె, “నాకు రెండూ పోయినాయి నాయినా, నేను కట్టేసుకున్నానా?” అంది. సంఘమంతా ఘొల్లుమంది. ఈసారి పెద్దలు నవ్వు ఆపుకోలేదు. విచిత్రం, దావీదురాజుకు ఇది మండలేదు. అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. మోకాలి మీదినుంచి బరువేదో దిగిపోయినట్టుంది.

అయ్యగారు కారు ముక్కు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చెయ్యి అందినవాళ్లందరూ కారు మీద చేతులు పెట్టారు. ఈరన్న కూడా పెట్టాడు. ఆమేన్ మాత్రం అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా అన్నాడు. నిమ్మకాయలను ఎవరో ఏరి షర్బత్తు కుండ దగ్గరికి చేర్చారు.

“ఇక బండి మొదటి పని,” అన్నారు అయ్యగారు. “ఇవాళ బల్ల ఆరాధన, ప్రభువు రొట్టె పంచుకునే రోజు. మొలగవల్లిలో సంతోషమ్మవ్వ కాలు విరిగి నాలుగు నెలలుగా బల్లకు రాలేదు. ఆమెను తోడుకుని రండి. ఆమె వచ్చేదాకా మేము రొట్టె విరవం.”

ఇంతకంటే మంచి మొదటి పని ఏముంటుంది? దావీదురాజు ఛాతీ ఉబ్బింది. తువ్వాలు కోసం ఈరన్న వైపు చెయ్యి చాపాడు.

ఆ చేతికి తువ్వాలు అందలేదు. మధ్యలో ప్రేమమ్మ వచ్చి నిలబడింది. చీర చెంగులోంచి బైబిలు తీసి, కీర్తనల మధ్యనుంచి ఒక కాగితం, రెండు అతికించే బిళ్లలు బయటికి లాగింది. తెల్ల బిళ్లల మీద ఎర్రగా ‘ఎల్’ అక్షరం.

“ఇదేంది?” అన్నాడు దావీదురాజు. నిన్న కూతురు ఫోనులో చెప్పిన రెండో కారణం ఇప్పుడు గుర్తొచ్చింది.

“ఎల్లెల్లార్. బండి నేర్చుకునేటోళ్ల లైసెన్సు. పోయిన్నెల ఆదోనిలో తీసుకున్నా. పరీక్ష రాసి తీసుకున్నా, ఊరికే ఇయ్యలేదు.” ఆమె కాగితం మడత విప్పి మొగుడి ముఖం ముందు పట్టుకుంది. “ముప్పై ఏండ్లు నువ్వు ఊరందరినీ తోడుకుని పోయినావు. నేను వాకిట్లో నిలబడి సూసినా. నాకూ తోలాలని ఉండె. నువ్వు నవ్వుతావని సెప్పలేదు. కాలు గురించి నువ్వు సెప్పలేదు, దీని గురించి నేను సెప్పలేదు. సరికి సరి.”

“గేటు సూసినావా ప్రేమా? నాలుగేండ్లు తోలినోడు కూడా…”

“పక్కన లైసెన్సు ఉండేటోడు కూర్చోవాలంట. నీకుండాది కదా? తాళంచెవి ఇయ్యి.”

దావీదురాజు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఆకాశం వైపు చూశారు. ఈరన్న వైపు చూశాడు. ఈరన్న అప్పటికే ఒక బిళ్ల వెనక అద్దం మీద అతికిస్తున్నాడు.

తాళంచెవి ఇచ్చి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ బండిలోనూ ఆ వైపు తలుపు తనకోసం తీసుకోలేదు. పిడి ఎక్కడుందో ఒక క్షణం చెయ్యి తడుముకుంది. కూర్చున్నాడు. కింద ఒక్క పెడలూ లేదు. అయినా రెండు కాళ్లూ వెతుకుతున్నాయి.

ప్రేమమ్మ సీటు ముందుకు జరుపుకుంది. అద్దం సర్దుకుంది. కిటికీలోనుంచి చెయ్యి చాపి ఈరన్న దగ్గర తువ్వాలు తీసుకుని మొగుడి ఒళ్లో వేసింది.

“ఇప్పుడు రెండు కాళ్లూ కట్టుకో,” అంది.

వెనక రాతి గేటు. అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు. ప్రేమమ్మ ఒక్కసారి కళ్లు మూసి తెరిచి, లివరును రివర్సుకు లాగింది.